బిద్రీ నలుపు ఎందుకు బూడిదయింది: 4×5 క్లోజప్‌లో ఫ్లేర్ పట్టుకున్న కేసు

కేసు ఏంటంటే, పాత బిద్రీ సామాన్లు తరాలుగా దాచుకున్న ఒక హైదరాబాద్ కుటుంబం వాటన్నిటినీ ఫిల్మ్ మీద రికార్డు చేయించుకోవాలనుకున్నారు. బ్లాక్ అండ్ వైట్, 4×5 అంగుళాల షీట్ ఫిల్మ్ (ఒక్కో బొమ్మకి ఒక్కో విడి షీటు), తెల్ల బ్యాక్‌గ్రౌండ్, చిన్న వస్తువులైతే అసలు సైజులోనే నెగటివ్ మీద పడాలి, అంటే 1:1. మొదలుపెట్టింది ఒక గుండ్రటి డబ్బీ మూతతో, అడ్డం దాదాపు 80 మి.మీ., మీద గసగసాల పువ్వు డిజైన్, వెండి తీగ పని. నెగటివ్ కడిగి లైట్ టేబుల్ మీద పెడితే ఫోకస్ బ్రహ్మాండంగా ఉంది, వెండి గీతలు ఒక్కొక్కటీ విడిగా కనిపిస్తున్నాయి, కానీ బిద్రీ నలుపు ఉండాల్సిన చోట ఫిల్మ్ దాదాపు క్లియర్‌గా ఉండాలి కదా, అక్కడ పల్చటి పొర ఒకటి పరుచుకుని ఉంది. కాంటాక్ట్ ప్రింట్ తీస్తే నలుపు కాస్తా బూడిద రంగులోకి వచ్చేసింది.

వేరే వస్తువైతే దీన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోకపోవచ్చు. బిద్రీ పనిలో మాత్రం ప్రాణమంతా ఆ నలుపులోనే ఉంది. జింకులో కొద్దిగా రాగి కలిపి పోత పోసి, వెండి పొదిగి, చివర్లో బీదర్ కోట మట్టిని నవాసాగరంతో కలిపి పట్టిస్తారు, దాంతో లోహం నల్లబడుతుంది, వెండి మాత్రం తెల్లగానే ఉండిపోతుంది. తర్వాత నూనె రాసి ఆ నలుపుని ఇంకా లోతు చేస్తారు. అంత కష్టపడి తెచ్చిన నలుపుని మనం ఫిల్మ్ మీద బూడిద చేసి ఇస్తే ఆ పనివాడికి అన్యాయం చేసినట్టే, అందుకే ఇది పూర్తిగా తేలేదాకా మిగతా వస్తువులు ముట్టుకోకుండా ఆపేశాను.

సెటప్ చెప్తాను. మోనోరైల్ కెమెరా (లెన్స్ భాగం, ఫిల్మ్ భాగం ఒకే రైలు మీద జరిగేది), 210 మి.మీ. ఎఫ్/9 జి-క్లారాన్ లెన్స్, ఇది అసలు దగ్గర దూరం కాపీ పనికి చేసిన లెన్సే కాబట్టి 1:1 దగ్గర షార్ప్‌నెస్‌కి లోటు లేదు. 1:1 అంటే బెలోస్ (లెన్స్‌కీ ఫిల్మ్‌కీ మధ్య ఉండే మడతల గొట్టం) 420 మి.మీ. సాగుతుంది, ఫోకల్ లెంత్‌కి రెట్టింపు, కాబట్టి ఎక్స్‌పోజర్ నాలుగు రెట్లు. ఎఫ్/22 దగ్గర మీటర్ 2 సెకన్లు చూపిస్తే బెలోస్ లెక్కతో 8 సెకన్లు, నేను వాడిన ఎఫ్‌పీ4 ప్లస్ ఫిల్మ్‌కి ఇల్ఫోర్డ్ ఇచ్చిన రెసిప్రాసిటీ లెక్క (ఎక్స్‌పోజర్ పొడవైతే ఫిల్మ్ స్పందన తగ్గుతుంది, దానికి సరిపడా టైమ్ పెంచడం) ప్రకారం 8ని 1.26 పవర్‌కి తీసుకెళ్తే దాదాపు 14 సెకన్లు. రెండు ఎల్ఈడీ ప్యానెళ్ళు చెరో పక్క, కింద పెద్ద తెల్ల యాక్రిలిక్ షీటు, దాని మీద మూత.

ఇలాంటప్పుడు చాలామంది ముందు లెన్స్‌ని అనుమానిస్తారు, పాత లెన్స్, సింగిల్ కోటింగ్, మల్టీ కోటింగ్ ఉన్నది కొంటే పోతుంది అని. నేను మాత్రం ముందు నెగటివ్ అంచు చూస్తాను. షీట్ ఫిల్మ్ చుట్టూ హోల్డర్ పట్టుకునే సన్నటి పట్టీ ఉంటుంది, అక్కడ లైట్ పడదు. ఆ పట్టీ కూడా మసకగా ఉంటే తప్పు ఫిల్మ్‌లోనో డెవలపర్‌లోనో లోడింగ్‌లోనో ఉన్నట్టు. పట్టీ శుభ్రంగా ఉండి లోపల బొమ్మ భాగం మాత్రమే మసకబారితే ఆ లైట్ ఫిల్మ్ గేటు లోంచి, అంటే బెలోస్ వైపు నుంచే వచ్చినట్టు. ఇక్కడ పట్టీ గాజులా ఉంది. ఒక్క చూపుతో సగం అనుమానాలు పోయాయి.

తర్వాత లీకులు. 14 సెకన్లంటే చిన్న సూది బెజ్జం కూడా పని చేసేంత టైమ్, పైగా సాగదీసిన బెలోస్‌లో మడతల మూలలు బయటపడి ఉంటాయి, బెజ్జాలు పడేది ఎక్కువగా అక్కడే. గది చీకటి చేసి, చిన్న ఎల్ఈడీ టార్చి బెలోస్‌లో పెట్టి, కళ్ళు చీకటికి అలవాటు పడేదాకా ఆగి మూలమూలా చూశాను, ఎక్కడా చుక్క కూడా లేదు. టార్చిని ఒక్కదాన్నే నమ్మడం నాకిష్టం లేదు కాబట్టి షట్టర్ మూసి, లెన్స్‌కి క్యాప్ పెట్టి, ప్యానెళ్ళు ఫుల్లుగా వెలిగించి, డార్క్ స్లైడ్ (హోల్డర్‌లో ఫిల్మ్‌కి అడ్డంగా ఉండే పలక) లాగి ఐదు నిమిషాలు అలాగే వదిలేసి ఆ షీట్ కడిగాను. మొత్తం క్లియర్. అంటే బెలోస్, హోల్డర్, లెన్స్ బోర్డు, షట్టర్ అన్నీ గట్టిగానే ఉన్నాయి, ఆ పొర వేస్తున్న లైట్ ఏదైనా సరే లెన్స్ గుండానే లోపలికి వస్తోంది. ఆకారం కూడా అదే చెప్తోంది, లీక్ అయితే ఒక పక్క నుంచి చారలాగా వస్తుంది, ఎపర్చర్ గానీ లెన్స్ బోర్డు గానీ ఎదురు మెరిస్తే మధ్యలో మచ్చ పడుతుంది, ఇది మాత్రం మూల నుంచి మూలకి ఒకే తీరుగా ఉంది.

ఇంకో అనుమానం కూడా తీర్చుకోవాలి. బిద్రీ మీద నూనె ఉంటుంది కదా, ఆ నూనె మెరుపు వల్లే నలుపు పైకి లేచిందేమో? అదే అయితే ఇది ఫ్లేర్ (కెమెరా లోపల చెదిరి ఫిల్మ్ అంతా పరుచుకునే లైట్) కాదు, వస్తువు మీది రిఫ్లెక్షన్, మందు వేరు, లైట్ల కోణం మార్చాలి. రెండిటినీ విడదీయడానికి మంచి పద్ధతి ఉంది. ఒక అట్టపెట్టె లోపలంతా నల్ల వెల్వెట్ అంటించి, ఒక పక్క రూపాయి బిళ్ళంత రంధ్రం చేసి, ఆ రంధ్రం పైకి కనిపించేలా యాక్రిలిక్ లెవల్లో మూత పక్కనే పెట్టాలి. రంధ్రంలోకి వెళ్ళిన లైట్ దాదాపు బయటికి రాదు, అందులో మెరవడానికి ఉపరితలమే లేదు. కాబట్టి నెగటివ్‌లో ఆ రంధ్రం దగ్గర అంచు పట్టీ కంటే ఎంత ఎక్కువ డెన్సిటీ (ఫిల్మ్ నల్లబడిన మోతాదు) ఉంటే అంతా ఫ్లేరే. లెన్సుల వీలింగ్ గ్లేర్ (బొమ్మ మీద పొరలా పరుచుకునే ఫ్లేర్) కొలవడానికి ఐఎస్ఓ 9358 అని స్టాండర్డ్ ఉంది, అందులో కూడా తెల్లటి వెలుగు మధ్య నల్ల ప్యాచ్ పెట్టి కొలిచే పద్ధతి ఉంది, సూత్రం ఇదే. వెల్వెట్ సికింద్రాబాద్ జనరల్ బజార్‌లో మీటర్ల లెక్కన దొరుకుతుంది, ఒక మీటరు తెచ్చుకుంటే ఈ కేసు మొత్తానికీ సరిపోతుంది.

రంధ్రం డెన్సిటీ అంచు పట్టీ కంటే స్పష్టంగా ఎక్కువ వచ్చింది. డెన్సిటోమీటర్ లేనివాళ్ళు లైట్ టేబుల్ మీద నెగటివ్ పెట్టి స్పాట్ మీటర్‌తో పట్టీనీ రంధ్రాన్నీ చదివినా చాలు, ఒక స్టాప్ (వెలుగు రెట్టింపు లేదా సగం) తేడా అంటే 0.30 డెన్సిటీ. ఇక్కడ దాదాపు ముప్పావు స్టాప్ తేడా. అంటే ఇది ఫ్లేరే, గట్టి ఫ్లేరే.

ఇప్పుడు లోపల ఏం జరుగుతోందో కళ్ళారా చూడాలి. గ్రౌండ్ గ్లాస్ (బొమ్మ చూసుకునే గరుకు గాజు) బ్యాక్ తీసేసి, లైట్లు షూటింగ్‌కి పెట్టినట్టే ఉంచి, ఎపర్చర్ తెరిచి, డార్క్ క్లాత్ కప్పుకుని ఫిల్మ్ ఉండే చోట కన్ను పెట్టి మూలలోంచి లెన్స్ వైపు చూడాలి. లార్జ్ ఫార్మాట్ చేసే ప్రతివాళ్ళూ ఈ పని ఒకసారైనా చేయాలని నా గట్టి నమ్మకం. బయట నుంచి చూస్తే ఆ బెలోస్ లోపల మ్యాట్ నలుపే. లోపల నుంచి చూస్తే కింది మడతల మీద వరసగా తెల్లటి గీతలు, లెన్స్ దగ్గర మడత అయితే వెలిగిపోతోంది, లెన్స్ బోర్డు వెనక స్క్రూ తలకాయలు రెండు మెరుస్తున్నాయి. ఎంత మ్యాట్ నలుపైనా లైట్ దాదాపు సమాంతరంగా వచ్చి తాకితే మెరుస్తుంది, బెలోస్ గోడల మీద పడే లైట్ అలాంటిదే. ముడుచుకుని ఉన్నప్పుడు మడతల గాడుల్లో ఆ లైట్ ఇరుక్కుని చచ్చిపోతుంది, 420 దాకా సాగదీస్తే మడతలు చదునైపోయి గోడ గోడలాగే అయిపోతుంది, గాడులుండవు.

మరి అంత లైట్ గోడల మీదకి ఎందుకు పోతోంది? ఇక్కడ లెక్క చూస్తేనే అసలు దొంగ దొరుకుతాడు. ఈ లెన్స్ ఎఫ్/22 దగ్గర, ఇన్ఫినిటీలో, సుమారు 260 మి.మీ. వ్యాసం ఉన్న ఇమేజ్ సర్కిల్ (లెన్స్ వెనక పడే గుండ్రటి బొమ్మ) ఇస్తుంది. 1:1కి వెళ్తే బెలోస్ రెట్టింపు సాగింది కాబట్టి సర్కిల్ కూడా రెట్టింపు, దాదాపు 520. మన ఫిల్మ్ మీద బొమ్మ పడేది 95×120 మి.మీ. ఏరియా లెక్కేస్తే ఇన్ఫినిటీలో సర్కిల్‌లో ఐదోవంతు ఫిల్మ్ మీద పడుతుంది, 1:1 దగ్గర ఇరవయ్యో వంతు మాత్రమే! మిగతాదంతా బెలోస్ గోడలకే. అంచుల దగ్గర వెలుగు తగ్గుతుంది నిజమే, అయినా చాలా ఎక్కువ. బయట వైపు కూడా ఇదే లెక్క, ఫ్రేమ్‌లో కనిపించేది 95×120 టేబుల్ అయితే లెన్స్ చూసేది అర మీటరు పైగా వెడల్పున్న టేబుల్. ఆ అర మీటరంతా నేను పరిచిన తెల్ల యాక్రిలిక్కే. ఫ్రేమ్‌లో లేని తెలుపు, ప్రింట్‌లో ఎప్పటికీ కనిపించని తెలుపు, లోపలికొచ్చి గోడలకి కొట్టుకుని నలుపు మీద కూర్చుంటోంది.

ఆఫ్‌సెట్ ప్రెస్‌లో చాలాకాలం ప్రాసెస్ కెమెరా (ప్రింటింగ్ కోసం ఒరిజినల్‌ని ఫిల్మ్ మీద కాపీ చేసే పెద్ద కెమెరా) నడిపి రిటైరైన పెద్దాయన ఒకాయన నాకు తెలుసు, ఫోన్ చేసి విషయం చెప్పాను. పూర్తిగా వినకుండానే, "ఒరిజినల్ చుట్టూ నల్ల కాగితం వేశావా బాబూ?" అన్నారు. లేదండీ, అన్నాను, క్లయింట్ తెల్ల బ్యాక్‌గ్రౌండ్ అడిగారు. "తెలుపు ఫ్రేములో ఉంటే చాలు కదా, ఫ్రేము బయట ఎవరికి కావాలి? కాపీబోర్డు మీద ఒరిజినల్ దాటి వేలెడు తెలుపు కనిపించినా మా ఫోర్మన్ ఊరుకునేవాడు కాదు." లైన్ నెగటివ్‌లో సన్న గీతలు పూడుకుపోకూడదని వాళ్ళు రోజూ చేసిన పని ఇది. నాకు తెలిసినంతలో క్లోజప్ ఫ్లేర్ గురించి ఇంత సూటిగా ఎవరూ చెప్పలేదు.

మందులోకి వచ్చే ముందు, డెవలప్‌మెంట్‌తో సరిచేసుకోవచ్చు కదా, గ్రేడ్ (పేపర్ కాంట్రాస్ట్) పెంచి ప్రింట్ చేయొచ్చు కదా అనేవాళ్ళ కోసం ఒక మాట. ఫ్లేర్ అంటే ఫిల్మ్ మొత్తానికీ సమానంగా కలిసే లైట్. తెలుపు 100 పాళ్ళు, బిద్రీ నలుపు 3 పాళ్ళు, ఆ నలుపులోని ఉలి గీత 2 పాళ్ళు అనుకోండి. పైన 2 పాళ్ళ ఫ్లేర్ పడితే తెలుపు 102, నలుపు 5, గీత 4. లక్షాధికారికీ రోజు కూలీకీ చెరో వంద రూపాయలు ఇచ్చినట్టు, ఒకరికి తెలియదు, ఇంకొకరికి లెక్కే మారిపోతుంది. తెలుపు నలుపుల మధ్య 33 రెట్ల తేడా కాస్తా 20 రెట్లకి పడిపోయింది సరే, నా బాధ దానికంటే నలుపుకీ గీతకీ మధ్య తేడా గురించి, ఒకటిన్నర రెట్లు ఉన్నది ఒకటింపావుకి వచ్చింది. డెవలప్‌మెంట్ పెంచితే నలుపులో గీత కొద్దిగా పైకొస్తుంది గానీ వెండి గీతలు పేలిపోతాయి, గ్రేడ్ పెంచినా అంతే. లోపలికి వచ్చేశాక ఏది వస్తువు లైటో ఏది ఫ్లేర్ లైటో ఫిల్మ్‌కి తెలీదు, కాబట్టి ఆపాల్సింది లెన్స్ బయటే.

మార్పులు ఒక్కొక్కటే చేశాను, ప్రతిదానికీ వెల్వెట్ రంధ్రం పెట్టి ఒక షీట్, లేకపోతే ఏది పని చేసిందో తెలీదు. మొదటిది పెద్దాయన చెప్పిందే. గ్రౌండ్ గ్లాస్‌లో చూసుకుంటూ నాలుగు నల్ల వెల్వెట్ పట్టీలు యాక్రిలిక్ మీద ఫ్రేమ్ అంచుకి కొద్ది మిల్లీమీటర్ల దూరం దాకా జరిపాను. చార్ట్ పేపర్ వద్దు, ఏటవాలు లైట్‌లో అది కూడా మెరుస్తుంది. వెల్వెట్‌కి కూడా నూగు ఒక వైపు వాలి ఉంటుంది, చేత్తో నిమిరి ఏ దిక్కున నల్లగా కనిపిస్తుందో చూసి ఆ దిక్కు లెన్స్ వైపు వచ్చేలా పరవాలి. ఈ ఒక్క పనితోనే పొర సగానికి పైగా పోయింది. ఖర్చు దాదాపు సున్నా.

రెండోది లెన్స్ ముందు మాస్క్. మామూలు గుండ్రటి హుడ్ ఇక్కడ చాలదు, ఫ్రేమ్ ఆకారంలోనే దీర్ఘచతురస్రం రంధ్రం కావాలి. సైజు లెక్క సింపుల్. 1:1లో లెన్స్ నుంచి వస్తువు దూరం కూడా 420. మాస్క్ లెన్స్ నుంచి 150 మి.మీ. ముందు పెడితే, వస్తువు వైపు కొలతలో 420కి 150 వంతు, ఎపర్చర్ వ్యాసంలో 420కి 270 వంతు కలపాలి. ఫోకస్ చేసేటప్పుడు ఎఫ్/9 తెరిచి ఉంటుంది కాబట్టి ఎపర్చర్ 23 మి.మీ. అనుకుంటే 120 వైపుకి 58, 95 వైపుకి 49 వస్తుంది, చుట్టూ కొంచెం వదిలి 62×53 కోశాను. పట్టుకోడానికి మామూలు స్టాండూ క్లాంపూ చాలు. మాస్క్‌కీ వస్తువుకీ మధ్య ఇంకా 270 మి.మీ. ఖాళీ ఉంటుంది, లైట్లకి అడ్డం రాదు. అదనపు లాభం ఒకటుంది, లెన్స్ ముందు రింగు మీది తెల్ల అక్షరాలు నున్నటి వెండిలో ప్రతిబింబించకుండా ఈ నల్ల అట్టే ఆపుతుంది. లెన్స్ ముందుకి పొడుచుకొచ్చిన రైలు మెరుపు కూడా చూసుకోండి, లోహం రంగు రైలైతే దాని మీద ఒక నల్ల గుడ్డ ముక్క వేయండి.

మూడోది బెలోస్ లోపల. సరిగ్గా సగం దూరంలో, 210 దగ్గర, మధ్య మడతలో ఒక వెల్వెట్ అంటించిన పల్చటి అట్ట ఇరికించాను, మధ్యలో రంధ్రం. సగం దూరం కాబట్టి ఫిల్మ్ కొలతకీ ఎపర్చర్‌కీ సగటు తీసుకుంటే చాలు, 120, 23కి 72, 95, 23కి 59, చుట్టూ వదిలి 76×63. రంధ్రం అంచు తెల్లగా ఉంటే అదే కొత్త మెరుపవుతుంది, మార్కర్ పెన్‌తో నలుపు చేయాలి. రెండు బెలోస్ మధ్య ఇంకో స్టాండర్డ్ (రైలు మీద నిలబడే ఫ్రేము) పెట్టగలిగే మోనోరైల్ ఉన్నవాళ్ళు మాస్క్‌ని దానికి బిగించుకుంటే ఇంకా స్థిరంగా ఉంటుంది, పైగా బెలోస్ అంత సాగదీయక్కర్లేదు, మడతలు మడతల్లాగే ఉంటాయి. మాస్క్ ఫిల్మ్‌ని కోసేస్తోందేమో చూడ్డానికి గ్రౌండ్ గ్లాస్ కత్తిరించిన మూలల్లోంచి లెన్స్ వైపు చూడాలి, నాలుగు మూలల నుంచీ ఎపర్చర్ పూర్తిగా కనిపించాలి, ఎక్కడైనా కోసుకుపోయి కనిపిస్తే రంధ్రం పెంచాలి. రైజ్, షిఫ్ట్ (లెన్స్‌ని పైకి, పక్కకి జరపడం) వాడితే ఈ లెక్కంతా జరుగుతుంది, మళ్ళీ చూసుకోవాలి. దీనితో మిగిలిన పొరలో మంచి భాగం పోయింది. లెన్స్ బోర్డు వెనక స్క్రూలకి మ్యాట్ బ్లాక్ వేశాను, రంధ్రం రీడింగ్‌లో తేడా ఏమీ రాలేదు, అయినా అది ఎలాగూ చేయాల్సిన పనే.

చివరికి మల్టీ కోటింగ్ ఉన్న 210 ఒకటి తెలిసినవాళ్ళ దగ్గర తెచ్చి అదే సెటప్‌లో, మాస్కులన్నీ తీసేసి, తెల్ల యాక్రిలిక్ పూర్తిగా తెరిచి ఒక షీట్ తీశాను. పొర దాదాపు మొదటి నెగటివ్ అంతే వచ్చింది. కోటింగ్ వల్ల ఉపయోగం లేదని కాదు, ఎదురు వెలుగులో ల్యాండ్‌స్కేప్ తీసేటప్పుడు చాలా ఉంది. క్లోజప్‌లో లెన్స్ దాటాక గోడల మీద జరిగేదానికి కోటింగ్ ఏం చేస్తుంది? కొత్త లెన్స్‌కి డబ్బు పెట్టే ముందు ఒక మీటరు వెల్వెట్‌కి పెట్టండి.

టెస్టులకి ఫిల్మ్ ఖర్చు భయపడి చాలామంది ఎక్స్‌రే ఫిల్మ్ వాడతారు, నేనూ వేరే పనులకి వాడతాను. ఫ్లేర్ టెస్ట్‌కి మాత్రం వద్దు. మామూలుగా దొరికే రెండు వైపులా ఎమల్షన్ ఉన్న ఎక్స్‌రే ఫిల్మ్‌లో యాంటీ హేలేషన్ లేయర్ (ఫిల్మ్ వెనక నుంచి వెలుగు తిరిగి రాకుండా ఆపే పొర) ఉండదు, వెండి గీతల చుట్టూ వెలుగు ఫిల్మ్‌లోనే పాకుతుంది, అది చూసి బెలోస్‌లో తప్పు వెతుక్కుంటూ కూర్చుంటారు. ఏ ఫిల్మ్ మీద అసలు పని చేస్తారో దాని మీదే టెస్ట్ చేయాలి.

ఇంకొకటి, దీని గురించి ఎక్కువమంది మాట్లాడరు. ఫ్లేర్ తీసేశాక మొదటి నెగటివ్ పల్చగా కనిపించింది, బిద్రీ నలుపులో గీతలు అంచు పట్టీలో కలిసిపోయేలా ఉన్నాయి. కారణం సూటిగానే ఉంది, ఇంతవరకూ నీడలకి వచ్చిన ఎక్స్‌పోజర్‌లో ఒక భాగం ఫ్లేర్ ఇచ్చిందే, అది పోయేసరికి నీడలు అసలు స్థాయికి దిగాయి. మీటర్ చూసేది వస్తువుని, ఫ్లేర్‌ని కాదు, కాబట్టి పాత అలవాటు ప్రకారం ఇచ్చిన ఎక్స్‌పోజర్ ఇప్పుడు తక్కువ. అర స్టాప్ పెంచాను, రెసిప్రాసిటీతో కలిపి 14 సెకన్లు కాస్తా 22 దాకా వెళ్ళింది, డెవలప్‌మెంట్ కొంచెం తగ్గించాను వెండి కోసం. అప్పుడు వచ్చిన నెగటివ్‌లో రంధ్రానికీ పట్టీకీ తేడా స్పాట్ మీటర్‌కి అందీ అందనట్టుగా ఉంది, గసగసాల రేకుల చుట్టూ నలుపులో ఉలి వెళ్ళిన దారులు విడివిడిగా కనిపిస్తున్నాయి, మామూలు గ్రేడ్ 2 పేపర్ మీద ప్రింట్ దానంతటదే కూర్చుంది.

మిగతా వస్తువుల్లో పెద్దవి 1:2లో తీయాలి. అక్కడ బెలోస్ 315, వస్తువు దూరం 630, ఇమేజ్ సర్కిల్ దాదాపు 390, అంటే ఫిల్మ్ మీద పడేది పదో వంతు దగ్గర, ఫ్లేర్ కొంచెం తక్కువే ఉంటుంది గానీ పోదు. ముందు మాస్క్ అదే 150 దగ్గర పెడితే రంధ్రం 75×63, చుట్టూ వదిలేది అదనం. సగం దూరంలో పెట్టే లోపలి మాస్క్ సైజు మారదు, ఫిల్మ్ అదే, ఎపర్చర్ అదే, కాకపోతే 210 దగ్గర కాకుండా 158 దగ్గరికి జరపాలి.